బండ మీది పులిజూదం ఫోన్‌లోకి: నా అనుభవం

సొంతంగా వీడియో గేమ్ చేయడం నేర్చుకోవడానికి నేను పులిజూదాన్ని ఎంచుకున్నాను. కారణం ఒక్కటే: నియమాలు కనిపెట్టే పని ఉండదు. ఆట బాగుంటుందా, ఎవరైనా ఆడతారా అన్న అనుమానమూ ఉండదు. కడప చుట్టుపక్కల ఊళ్ళలో రచ్చబండల మీద, గుడి మండపాల్లో, ఇంటి అరుగుల మీద సుద్దముక్కతో గీసుకుని తరాలుగా ఆడుతున్న ఆట ఇది. ఒకరు పులులను, ఇంకొకరు మేకలను ఆడిస్తారు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ చోటికి దూకితే ఆ మేకను తిన్నట్టు, మేకలు పులులను కదలకుండా కట్టెయ్యాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కథ, పాత్రలు, పది లెవెళ్ళు అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటారు. అప్పుడు పని సాగకపోతే తప్పు ఆటలో ఉందా, తయారీలో ఉందా అన్నది తేలదు. తెలిసిన ఆటైతే తప్పంతా తయారీదే. దాన్ని వెతికి సరిదిద్దుకోవచ్చు.

అయితే పని తేలికని కాదు. బండ మీద ఆడేటప్పుడు తేడా వస్తే ఇద్దరూ అక్కడికక్కడే తగాదా పడి తేల్చుకుంటారు. ప్రోగ్రాముకు ఆ వీలు లేదు, ప్రతిదీ ముందే తేల్చి రాసివ్వాలి. నాకు వచ్చిన చిక్కుల్లో సగానికి మూలం ఇదే.

ఇంజిన్‌గా, అంటే ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌గా, గోడాట్ 4 తీసుకున్నాను. 2014లో ఓపెన్ సోర్సుగా విడుదలైంది, ఎంఐటీ లైసెన్సు, ఆట అమ్ముకున్నా ఎవరికీ వాటా కట్టక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉండి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనది తెలుగు. గోడాట్ 4 అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు వాటి చోట్లలో కూర్చుంటాయి. గోడాట్ 3లో అవి విడిపోతాయి. ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మ గీసే భాగం) ఏది కావాలని అడుగుతుంది. ఇట్లాంటి రెండు కొలతల ఆటకు ‘కంపాటిబిలిటీ’ చాలు, అది ఓపెన్‌జీఎల్ ఈఎస్ 3.0 మీద నడుస్తుంది, పాత ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.

నేర్చుకోవడానికి గోడాట్ డాక్యుమెంటేషన్‌లోని ‘మీ మొదటి 2డీ గేమ్’ పాఠాన్ని రెండుసార్లు చేశాను. మొదటిసారి చూస్తూ, రెండోసారి పేజీ మూసేసి. సీను (ఆటలో ఒక భాగం), నోడు (ఆ భాగంలోని ఒక్కో ముక్క), సిగ్నలు (ఏదైనా జరిగితే ముక్కలు పంపుకునే కబురు) అనే మూడు మాటలు బుర్రకెక్కింది రెండోసారే. చూస్తూ టైపు చేసినంతసేపూ వచ్చినట్టే ఉంటుంది.

ఇక బోర్డు. పైన కొన. అక్కణ్ణించి నాలుగు గీతలు విచ్చుకుంటూ అడుగుగీత దాకా దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఈ మూడూ రెండు పక్కలా కొంత బయటికి సాగుతాయి, సాగిన చివరలను ఎడమ ఒకటి, కుడి ఒకటి నిలువుగీతలు కలుపుతాయి. కొన 1, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 కూడళ్ళు. ప్రోగ్రాములో కొనకు 0, మొదటి అడ్డగీతకు 1 నుంచి 6, రెండోదానికి 7 నుంచి 12, మూడోదానికి 13 నుంచి 18, అడుగుకు 19 నుంచి 22 అని నంబర్లు ఇచ్చాను.

మొదట ఏ కూడలికి ఏవి పక్కన ఉన్నాయో 23 వరుసలు చేత్తో రాశాను. అది తప్పు పద్ధతి. 9 పక్కన 15 అని రాసి, 15 పక్కన 9 రాయడం మరిచాను. ఫలితంగా పులి కిందికి దిగుతుంది, అదే దారిన పైకి రాదు. ఇట్లాంటి తప్పు ఎర్రర్‌గా కనిపించదు, పది ఆటలకోసారి ‘ఇదేంది, కదలడం లేదే’ అనిపిస్తుంది, అంతే. సరైన దారి ఏమిటంటే గీతలను మాత్రమే రాయడం. బోర్డులో ఉన్నవి పది గీతలే: కొన నుంచి దిగే నాలుగు (ఉదాహరణకు 0, 3, 9, 15, 20), అడ్డంగా మూడు, అడుగుది ఒకటి, పక్కల రెండు. ఒక గీత మీద వరుసగా ఉన్న రెండు కూడళ్ళు ఒక దారి, వరుసగా ఉన్న మూడు కూడళ్ళు ఒక దూకుడు. మిగతాదంతా ప్రోగ్రామే లెక్కగట్టుకుంటుంది. అట్లా లెక్కవేస్తే 38 దారులు, ముందుకూ వెనక్కూ కలిపి 56 దూకుళ్ళు రావాలి. ఆట తెరుచుకోగానే ఈ రెండు అంకెలూ సరిపోయాయో లేదో చూసే పరీక్ష ఒకటి పెట్టాను. తర్వాత బోర్డు రాతలో ఏది చెడినా ఆట మొదలవకముందే తెలిసిపోతుంది.

56 దూకుళ్ళనూ తెర మీద అచ్చువేసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. దూకుడులో నడిమి కూడలి ఎప్పుడూ 16 చోట్లలో ఒకటే. మిగిలిన 7 చోట్లు, అంటే కొన, పక్కగీతల నాలుగు మూలలు, అడుగుగీత రెండు చివరలు, ఏ దూకుడుకూ నడుమ రావు. అక్కడ కూర్చున్న మేకను పులి ఎన్నటికీ తినలేదు. కొన మీదుగా ఒక గీత నుంచి ఇంకో గీతకు దూకితే దారి వంగుతుంది కాబట్టి చెల్లదు. చేయి తిరిగిన ఆటగాళ్ళు మేకలను ముందు పక్కలకు దించడం వెనక ఉన్న లెక్క ఇదే. ఈ ఏడు చోట్ల జాబితా తర్వాత కంప్యూటర్‌కు ఆట నేర్పేటప్పుడు బాగా పనికొచ్చింది.

నియమాల దగ్గరికి వస్తే, 3 పులులు, 15 మేకలు అన్నంతవరకు పేచీ లేదు. ఒక పులి కొనలో, రెండు మొదటి అడ్డగీత నడుమ. మేకల వంతు ముందు. మేకలన్నీ దించేదాకా దించిన మేకను కదపకూడదు, పులులు మాత్రం మొదటి నుంచీ కదులుతాయి. పులులు మూడూ కదలలేకపోతే మేకల గెలుపు. ఆపైనే ఊరికో తీరు. పులి ఒకే వంతులో రెండు మేకలను తినొచ్చా? తినే వీలుంటే తప్పనిసరిగా తినాలా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు, అయిదా, ఆరా? ఒక పెద్దాయన ‘ఒగ దూకుడుకు ఒగ మేకే గదా నాయనా, రెండెట్లా తింటాది?’ అంటే, పక్కనే కూర్చున్నాయన ‘మా తావ తింటాది’ అన్నాడు. ఎవరిది సరి అని తేల్చే హక్కు ప్రోగ్రాము రాసేవాడికి లేదని నా నమ్మకం. ఒకదాన్ని ‘అసలు’ నియమంగా ఫోన్లలోకి ఎక్కిస్తే మిగతావి పిల్లల దృష్టిలో తప్పులైపోతాయి.

అందుకని నియమాలను కోడ్‌లో కాక విడి రిసోర్స్ ఫైల్లో (విలువలు మాత్రమే దాచుకునే ఫైలు) పెట్టాను. అందులో ఆరు గడులు: మేకల సంఖ్య, గెలుపుకు కావలసిన మేకలు, వరస దూకుళ్ళు ఉన్నాయా, తినడం తప్పనిసరా, అన్నీ దించకముందే మేక కదలొచ్చా, ఒకే అమరిక ఎన్నిసార్లు వస్తే ఆట సమం. మొదటి రూపంలో ఇవన్నీ కోడ్ మధ్యలో ఉండేవి. ‘అయిదు’ను ‘ఆరు’ చేయాలంటే నాలుగు చోట్ల మార్చాల్సి వచ్చింది, ఒకచోట మరిచిపోయాను. గెలిచినట్టు ప్రకటన వస్తుంది, ఆట మాత్రం సాగుతూనే ఉంటుంది.

చివరి గడి గురించి ఒక మాట. బండ మీద ఒక పులి అటూ ఇటూ, ఒక మేక అటూ ఇటూ తిరుగుతూ ఉంటే ఎవరో ఒకరు విసుగొచ్చి లేస్తారు. కంప్యూటర్ లేవదు. అందుకే ప్రతి ఎత్తు తర్వాత అమరికను దాచుకుని, అదే అమరిక అదే వంతుతో మూడుసార్లు వస్తే సమం అని ముగించాను. మేకలకు కదిలే దారి లేకపోతే ఏం చేయాలి? అరుగు మీద ఎవరినడిగినా ‘అట్లా కాదులే’ అన్నారు. అరుదే, కానీ జరగొచ్చు. పులి గెలిచినట్టు రాశాను.

బోర్డు గీయడంలో పెద్ద చిక్కు వేలు. నా కొలతలన్నీ 1080 పిక్సెళ్ళ వెడల్పు తెరకు. అట్లాంటి ఫోను తెర సుమారు 68 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 16 పిక్సెళ్ళు. అడుగుగీత నాలుగు కూడళ్ళు 320 పిక్సెళ్ళ ఎడంలో పెట్టి, అడ్డగీతలను పై నుంచి 25, 50, 75 శాతం దగ్గర సమంగా గీశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ గీతలు కొన దగ్గర ముడుచుకుంటాయి గదా, మొదటి అడ్డగీత మీద కూడళ్ళ ఎడం 80 పిక్సెళ్ళే, అంటే 5 మిల్లీమీటర్లు. ఒకచోట నొక్కితే పక్కచోట మేక పడుతుంది. ఆండ్రాయిడ్ సూచించే కనీస కొలత 48 డీపీ (తెర ఏదైనా ఇంచుమించు ఒకేలా ఉండే కొలమానం), సుమారు 9 మిల్లీమీటర్లు. అడ్డగీతలను 45, 60, 75 శాతానికి దించితే మొదటి గీత మీద ఎడం 144 పిక్సెళ్ళకు, అంటే సరిగ్గా 9 మిల్లీమీటర్లకు వచ్చింది. బోర్డు ఎత్తు 1300 పిక్సెళ్ళు పెట్టాను కాబట్టి అడ్డగీతల మధ్య 195 దొరికింది. బండ మీద చేత్తో గీసినప్పుడూ గీతలు సమానంగా ఉండవు, కాబట్టి చూసినవాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించలేదు.

ఇంకో మార్పు: మొదట ప్రతి కూడలికి ఒక గుండ్రటి తాకుడు ప్రాంతం, మొత్తం 23 పెట్టాను. గుండ్రాల మధ్య ఖాళీలో నొక్కితే ఏమీ జరగదు, ఆడేవాడు ఫోను పాడైందనుకుంటాడు. వాటిని తీసేసి, వేలు తగిలిన చోటికి 23 కూడళ్ళ దూరాలూ లెక్కవేసి దగ్గరిదాన్ని తీసుకోమన్నాను. 160 పిక్సెళ్ళకు మించిన దూరమైతే వదిలెయ్యమన్నాను.

నేలకు మా ఇంటి కడప బండనే ఫోటో తీసి వాడాను. మిట్టమధ్యాహ్నం తీస్తే తెల్లటి మెరుపు, కడిగిన వెంటనే తీస్తే ఆకాశం కనిపిస్తుంది. ఎండ పడకముందు, నీడలో, పొడిబండ మీద తీసిందే పనికొచ్చింది. 4000×3000 ఫోటో ఫైలుగా నాలుగైదు ఎంబీలే అయినా, ఆట నడిచేటప్పుడు విప్పుకుంటే పిక్సెలుకు 4 బైట్ల లెక్కన 48 ఎంబీ మింగుతుంది. 1024×2048కు కత్తిరిస్తే 8 ఎంబీ. మేకలకు చింతగింజలు, పులులకు బండపెంకులు పెట్టాలనుకున్నాను, ఊళ్ళో వాడేవి అవే. కానీ నల్లబండ మీద చింతగింజ కనిపించదు. తెల్ల గులకరాళ్ళకు మారాను. రంగుతోనే కాక పరిమాణంతోనూ పులీ మేకా తేడా తెలియాలి, రంగులు సరిగా పోల్చుకోలేని వాళ్ళు ఉంటారు.

ఆట నడకను నాలుగు స్థితులుగా విడగొట్టాను: మేక ఎత్తు, పులి ఎత్తు, పావు కదులుతోంది, ఆట ముగిసింది. మూడో స్థితి మొదట లేదు. పావు జరగడానికి 0.18 సెకను పడుతుంది. ఆ సందులో గబగబా ఇంకోసారి నొక్కితే రెండు మేకలు దిగేవి. ‘కదులుతోంది’ అన్నంతసేపూ తాకుడును పట్టించుకోకపోతే ఆ చిక్కు పోయింది. ఇంతకంటే లోతైన తప్పు ఇంకోటి చేశాను. పావు జరగడం పూర్తయ్యాకే లెక్కలో మార్చేవాణ్ణి. సరిగ్గా ఆ మధ్యలో ఫోన్ కాల్ వచ్చి ఆట వెనక్కి పోతే, దాచిన ఆటలో మేక పాత చోటా లేదు, కొత్త చోటా లేదు. ఇప్పుడు లెక్క వెంటనే మారుతుంది, బొమ్మ దాని వెనకాల నడుస్తుంది. ఆట వెనక్కి పోతున్నట్టు ఆండ్రాయిడ్ కబురు పంపగానే అమరికను ఫైల్లో దాచేస్తాను. వెనక్కి బటన్ నొక్కితే గోడాట్ ఆటను మూసేసే అలవాటుతో వస్తుంది. ఆ సెట్టింగ్ ఆపి, ‘ఆట వదిలేస్తారా?’ అని అడిగేలా చేశాను.

ఎదురాడే కంప్యూటర్‌దే అన్నిటికన్నా పెద్ద పని. నా ఎత్తు, దానికి నీ ఎత్తు, మళ్ళీ నాది అని ముందుకు చూసి, చివర్లో ఎవరికి మేలో అంకె వేసే మినీమ్యాక్స్ పద్ధతి వాడాను. మేక దించడానికి మొదట్లో 20 ఖాళీలు, పులులకు సుమారు 8 ఎత్తులు. నాలుగు ఎత్తుల లోతుకు 20×8×19×8, అంటే 24 వేల పైచిలుకు అమరికలు. ఆరు ఎత్తులకు పోతే ఇంకో 18×8 రెట్లు, సుమారు 35 లక్షలు. నాలుగు ఫరవాలేదు, ఆరుకు ఆట బిగుసుకుపోయింది. తాకుడుకు 5 సెకన్లు జవాబివ్వకపోతే ‘యాప్ స్పందించడం లేదు’ అని ఆండ్రాయిడే చెప్పేస్తుంది.

వేగానికి మూడు పనులు చేశాను. ప్రతి ఎత్తుకూ బోర్డు మొత్తం కాపీ చేయడం మానేశాను. 23 కూడళ్ళు ఒక పూర్ణాంకంలో 23 బిట్లుగా సరిపోతాయి, మేకలకొకటి, పులులకొకటి రెండు అంకెలు చాలు. ఎత్తు వేసి, చూసి, వెనక్కి తీసుకోవడమే, కాపీ లేదు. రెండోది ఆల్ఫా బీటా కత్తిరింపు. ఒక కొమ్మ ఇప్పటికే దొరికినదానికంటే చెడ్డదని తేలితే మిగతాది చూడకుండా వదిలెయ్యడం. తినే ఎత్తులను ముందు చూస్తే ఈ కత్తిరింపు ఎక్కువ కలిసొస్తుంది. మూడోది, ఆలోచనను వేరే థ్రెడ్‌లో, అంటే ఆటతోపాటు పక్కనే నడిచే పనిగా, పెట్టడం. తెర మాత్రం కదులుతూనే ఉంటుంది.

అంకె ఎట్లా వేశానంటే, తిన్న మేకకు పులి వైపు 100, ఇప్పుడే తినడానికి వీలున్న మేకకు 20. కదలలేని పులికి మేకల వైపు 30, ఆ ఏడు భద్రమైన చోట్లలో ఉన్న మేకకు 5. ఇవి శాస్త్రం చెప్పిన అంకెలు కావు, ఆడించి ఆడించి సరిచేసుకున్నవి. ఇందులో ఒక తప్పు నన్ను రెండు వారాలు తిప్పింది. పులి గెలిచే స్థితిలో ఉండి కూడా చివరి మేకను తినకుండా అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడు తిన్నా గెలుపే, రెండెత్తుల తర్వాత తిన్నా గెలుపే, రెండిటికీ ఒకే అంకె పడుతోంది. దానికి తొందరేముంది? గెలుపు అంకె నుంచి ఎన్ని ఎత్తులు పట్టిందో అంత తగ్గిస్తే వెంటనే తినడం మొదలుపెట్టింది.

తేలిక స్థాయి చేయడం కష్ట స్థాయి కంటే కష్టం. అప్పుడప్పుడు ఇష్టం వచ్చిన ఎత్తు వెయ్యమంటే, ఊరికే మేకను పులి నోట్లో పెడుతుంది, ఆడేవాడికి గెలిచిన సంతోషం ఉండదు. మేలైన ఎత్తుకు 15 అంకెల లోపల ఉన్న ఎత్తుల్లోంచి ఒకదాన్ని ఏరుకోమన్నాను. మనిషి చేసే పొరపాటులా ఉంటుంది, చూడగానే పట్టుకోలేం.

చప్పుడుకు మంచి మైకు కొనక్కర్లేదు. బండ మీద గులకరాయి పెట్టిన చప్పుడును ఫ్యాను ఆపి, తలుపులు మూసి ఫోన్‌తోనే రికార్డు చేశాను. అయిదు రకాలు తీసి, శృతి కొంచెం అటూ ఇటూ మారేలా గోడాట్‌లోని రాండమైజర్‌కు అప్పగించాను, ఒకే చప్పుడు పదిహేనుసార్లు వింటే చెవికి విసుగు. ఫైలు మొదట్లో ఉన్న కాసింత నిశ్శబ్దాన్ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో కోసెయ్యాలి. సెకనులో పదోవంతు ఖాళీ ఉన్నా పావు ఆలస్యంగా పడినట్టు అనిపిస్తుంది. చిన్న చప్పుళ్ళకు వావ్ రకం ఫైలు, పొడుగు సంగీతానికి ఓజీజీ రకం ఫైలు. ఎంపీ3ని తిప్పి తిప్పి వాయిస్తే అతుకు దగ్గర ఖాళీ వినిపిస్తుంది.

కడప ఎండాకాలంలో తేలిన సంగతి: ఏమీ కదలని బోర్డును కూడా ఆట సెకనుకు 60 సార్లు మళ్ళీ మళ్ళీ గీస్తుంటుంది. ఫోను వేడెక్కుతుంది, వేడెక్కిన ఫోను తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడు పులి ఆలోచన సాగుతుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో ‘లో ప్రాసెసర్ మోడ్’ పెడితే మార్పు ఉన్నప్పుడే గీస్తుంది. పులిజూదం లాంటి ఆటలకు ఇది మొదటి రోజే పెట్టుకోవాల్సిన సెట్టింగు.

తెలుగు అక్షరాల దగ్గర కాస్త ఆగాలి. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, ఆటతోపాటు ఇవ్వొచ్చు. ఫోన్‌లో ఉన్న ఫాంటుకు వదిలేస్తే ఒక్కో ఫోనులో ఒక్కో తీరుగా కనిపిస్తుంది. ఇంగ్లీషుకు కొలిచి పెట్టిన బటన్లలో ‘స్త్రీ’, ‘క్ష్మి’ లాంటివాటి పైదో కిందిదో తెగుతుంది, ఎత్తు కనీసం ఒకటిన్నర రెట్లు పెంచాలి. పిక్సెల్ ఆర్ట్ ఆటలకు చెప్పే ‘వ్యూపోర్ట్’ సాగదీతలో (చిన్నగా గీసి తెరకు సాగదీయడం) తెలుగు చదవలేం, ‘కాన్వాస్ ఐటమ్స్’ పెట్టుకుంటే అక్షరం తెర అసలు నాణ్యతలో వస్తుంది. మాటలు ఒక్కో అక్షరంగా కనిపించేలా చేస్తే ఇంకో ముప్పు: ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. స, స్, స్త అంటూ రూపం మారుతూ పోతుంది. లేబుల్‌లో ‘విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్’ను అక్షరాలు పేర్చిన తర్వాత దాచేలా మార్చుకుంటే ఆ గంతులు ఆగుతాయి.

వాక్యాలను ముక్కలుగా అతికించకూడదు. ‘గెలిచింది’ ముందు పేరు మార్చి వాడాలనుకున్నాను. ‘పులి గెలిచింది’ సరే, ‘మేకలు గెలిచింది’ అని పడింది. ‘1 మేక పోయింది’, ‘3 మేకలు పోయాయి’ కూడా అంతే. ప్రతి వాక్యాన్నీ పూర్తిగా విడిగా రాసుకోవడమే మార్గం. ఆ వాక్యాలుండే సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) లిబ్రే ఆఫీసులో యూటీఎఫ్-8గా, అంటే అన్ని లిపులూ పట్టే ఎన్‌కోడింగ్‌లో, దాచాలి. వేరే ఎన్‌కోడింగ్‌లో దాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, వెనక్కి తెచ్చుకోలేం.

ఆడించి చూసేటప్పుడు నోరు మెదపకూడదు. ‘అక్కడ నొక్కండి’ అన్న క్షణాన పరీక్ష పోయినట్టే. బండ మీద ఆడి ఎరిగిన పెద్దవాళ్ళు సహాయం పేజీ తెరవనే లేదు. వాళ్ళు పావును నొక్కి, ఆపై చోటును నొక్కడం లేదు, పావు మీద వేలు పెట్టి జరుపుతున్నారు. రెండు పద్ధతులూ ఉంచాను. జరిపేటప్పుడు వేలి కింద పావు కనిపించదు కాబట్టి దాన్ని 90 పిక్సెళ్ళు పైకి లేపి చూపించాను. ‘ఎన్ని తినె?’ అని అందరూ అడిగారు. అంకె పైన మూలలో ఉంది, ఎవరూ చూడలేదు. చచ్చిన మేకలను బోర్డు పక్కన కుప్పగా పేర్చితే అడగడం మానేశారు.

ముందు ఇచ్.ఐఓ అనే ఆటల సైట్‌లో వెబ్ రూపం పెట్టాను. గోడాట్ 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా వెబ్‌కు ఎగుమతి చేయొచ్చు, ఎక్కువ బ్రౌజర్లలో అది తేలిగ్గా తెరుచుకుంటుంది. కానీ నా పులి ఆలోచించేదే థ్రెడ్‌లో! వెబ్‌లో అది కదలనే లేదు. ఆలోచనను ముక్కలు చేసి, ఒక్కో ఫ్రేములో ఒక్కో మొదటి ఎత్తు కొమ్మను చూసేలా మార్చాల్సి వచ్చింది.

ప్లే స్టోర్‌కు ఒక్కసారి కట్టే 25 డాలర్లు, గుర్తింపు పత్రం. ఏపీకే (ఫోన్‌లో నేరుగా ఎక్కే ఫైలు) చెల్లదు, కొత్త యాప్‌లకు 2021 ఆగస్టు నుంచి ఏఏబీ (ప్లే స్టోర్‌కు ఇచ్చే మూట ఫైలు) కావాలి. దానికి గోడాట్‌లో గ్రేడిల్ బిల్డ్ (ఆండ్రాయిడ్ యాప్‌ను కట్టే సాధనం), జేడీకే 17 (జావా సాధనాల కట్ట) పెట్టుకోవాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు మూసిన పరీక్ష (పిలిచినవాళ్ళు మాత్రమే ఆడి చూడడం) తప్పనిసరి: 12 మంది, వరుసగా 14 రోజులు. 2024 డిసెంబరు దాకా ఇది 20 మంది. 12 కావాలంటే 18 మందిని కూడగట్టండి, మధ్యలో ఎవరో ఒకరు తీసేస్తారు. ఫోన్‌లో రెండు జీమెయిల్ ఖాతాలున్నవాళ్ళు లింకు ఒక ఖాతాతో తెరిచి, ప్లే స్టోర్ ఇంకో ఖాతాతో చూసి ‘రావడం లేదు’ అంటారు. చేరనివాళ్ళలో ఎక్కువమంది ఇబ్బంది ఇదే. 512×512 ఐకాన్, 1024×500 బొమ్మ, స్క్రీన్‌షాట్లు, గోప్యతా విధానం పేజీ ముందే సిద్ధం చేసుకోండి. ప్యాకేజీ పేరు ఒకసారి ఎక్కిస్తే మార్చలేం. యాప్ మనదేనని సంతకం చేసే కీస్టోర్ ఫైలును, దాని పాస్‌వర్డును రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ఆ 14 రోజుల్లోనే అనంతపురం వైపు నుంచి ఆడిన ఒకరు, వాళ్ళ ఊళ్ళో పులులు మొదటే బోర్డు మీద ఉండవని, మేకలతోపాటు వంతుకొకటిగా దిగుతాయని చెప్పారు. నియమాల ఫైల్లో ఏడో గడి చేర్చాను, అరగంట పని అనుకున్నాను. 38, 56 పరీక్ష సరిగ్గానే దాటింది. ఆట మొదలుపెట్టి మొదటి మేక దించగానే ‘మేకలు గెలిచాయి’ అని వచ్చింది. బోర్డు మీద పులి లేదు, లేని పులికి కదిలే దారీ లేదు, కాబట్టి పులులను కట్టేసినట్టే అని ప్రోగ్రాము తేల్చింది. మూడు పులులూ దిగాకే ఆ గెలుపును చూడమని ఒక వరుస రాసి, వర్షన్ కోడ్ ఒకటి పెంచి మళ్ళీ ఎక్కించాను.